పరుగు ఆమెది, లెక్క మనది

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు కార్యదర్శిగారు, "ఎవరైనా ఒకరి జీవితం గురించి చెప్పండి, పిల్లలు కూడా ఉంటారు" అన్నారు. నేను సివిల్ ఇంజనీరును. ముప్పై ఏళ్లుగా నా పని టేపు, లెవెల్, కొలతల పుస్తకం చుట్టూనే తిరిగింది. అందుకని సెకనులో నూరో వంతుతో కొలిచిన ఒక జీవితాన్ని ఎంచుకున్నాను. ఆ అమ్మాయి పేరు యర్రాజి జ్యోతి. మన దేశంలో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13 సెకన్ల లోపు పరిగెత్తిన మొదటి మహిళ.

జ్యోతి 1999 ఆగస్టు 28న విశాఖపట్నంలో పుట్టింది. తండ్రి ఒక సంస్థలో సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్లలో పనిచేస్తూ, ఆస్పత్రిలో శుభ్రం చేసే పని కూడా చేసింది. విశాఖ అమ్మాయి గురించి రేపల్లెలో ఎందుకు చెబుతున్నానని మీకు అనిపించవచ్చు. నేను ఈ బడిలో పదో తరగతి, తెనాలిలో ఇంటర్, బాపట్లలో ఇంజనీరింగ్ చదివాను. నా డిగ్రీ పట్టా మీద ఉన్నది నాగార్జున విశ్వవిద్యాలయం పేరు. ఇక్కడున్న చాలామంది పట్టాల మీదా అదే పేరు. జ్యోతి చదివిందీ అక్కడే, కొంతకాలం శిక్షణ పొందిందీ అక్కడే. మనం విజయవాడ వెళ్తూ బస్సు కిటికీలోంచి చూసే ఆ నాగార్జున నగర్‌లోనే. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆమె పరిగెత్తింది కూడా ఆ పేరు మీదే.

ఆమెలోని క్రీడాకారిణిని మొదట గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు. ఈ పిల్ల పొడుగ్గా ఉంది, హర్డిల్స్‌కు పనికొస్తుంది అని ఆయనకు తోచింది. ఆ తర్వాత 2016లో హైదరాబాదులోని భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో ద్రోణాచార్య పురస్కార గ్రహీత నాగపురి రమేష్ గారి దగ్గర చేరింది. అక్కణ్ణించి గుంటూరు, ఆపైన 2019లో భువనేశ్వర్. అక్కడ బ్రిటన్‌కు చెందిన జేమ్స్ హిలియర్ ఆమె కోచ్ అయ్యారు.

హర్డిల్స్ అంటే ఏమిటో పిల్లల కోసం చెబుతాను. నూరు మీటర్ల దారిలో పది అడ్డంకులు ఉంటాయి. ఒక్కోటి 84 సెంటీమీటర్ల ఎత్తు. అంటే మన క్లాసులో మాస్టారి బల్ల కంటే కొంచెం ఎత్తు. మొదటిది 13 మీటర్ల దగ్గర ఉంటుంది. తర్వాత ప్రతి 8.5 మీటర్లకు ఒకటి. పదోది దాటాక గీత వరకు మిగిలేది 10.5 మీటర్లు. రెండు అడ్డంకుల మధ్య మూడే అడుగులు వేయాలి. నాలుగో అడుగు పడిందంటే లయ పోయినట్టే. ఎగిరి దూకితే గాలిలో ఉన్నంతసేపూ సమయం పోతుంది కాబట్టి మంచి హర్డ్లరు ఎగరదు, అడ్డంకి మీదుగా పరిగెత్తుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

ఈ పోటీలో పాత భారత రికార్డు 13.38 సెకన్లు. ఒడిశాకు చెందిన అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పింది. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో జ్యోతి 13.03 సెకన్లలో పరిగెత్తింది. పాత రికార్డు కంటే సెకనులో మూడో వంతుకు పైగా మెరుగు. దాన్ని రికార్డుగా గుర్తించలేదు. కారణం, అక్కడ ఆమెకు డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు.

2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో ఫెడరేషన్ కప్‌లో మళ్లీ పాత రికార్డు కంటే వేగంగా పరిగెత్తింది. ఈసారి అధికారులు ఉన్నారు, యంత్రాలు ఉన్నాయి. కానీ వీపు వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు. నిబంధన ప్రకారం 2.0 దాటకూడదు. అదీ లెక్కలోకి రాలేదు.

చివరికి 2022 మే 10న సైప్రస్ దేశంలోని లిమసోల్‌లో 13.23 సెకన్లతో జాతీయ రికార్డు ఆమె పేరున ఎక్కింది. గమనించండి, లెక్కకు వచ్చిన ఈ పరుగు, లెక్కకు రాని మూడబిద్రి పరుగు కంటే నిదానం. అదే నెలలో ఇంగ్లండులో 13.11, నెదర్లాండ్స్‌లో 13.04 పరిగెత్తి తన రికార్డును తానే రెండుసార్లు సవరించింది. ఆ ఏడాదే గుజరాత్ జాతీయ క్రీడల్లో ఆంధ్రప్రదేశ్ తరఫున హర్డిల్స్‌లో 12.79 పరిగెత్తింది. గాలి 2.5. మళ్లీ లెక్కలేదు. అదే క్రీడల్లో అడ్డంకులు లేని 100 మీటర్లలో ద్యుతీ చంద్, హిమా దాస్ ఉన్న పోటీలో 11.51తో స్వర్ణం గెలిచింది. కొద్దిరోజులకే, అక్టోబరు 17న బెంగళూరులో 12.82. ఈసారి గాలి నిబంధనలోపే ఉంది. 13 సెకన్ల గోడ అలా కూలింది.

గాలి నిబంధన అన్యాయమని నేను అనను. మన దగ్గర కళ్లంలో ధాన్యం తూర్పారపట్టిన ప్రతి రైతుకీ గాలి చేసే పని తెలుసు. చేట ఎత్తి, గాలి కోసం నిలబడి, వీచినప్పుడే వదులుతాడు. సెకనుకు 2 మీటర్లంటే గంటకు 7.2 కిలోమీటర్లు, ఒంటికి హాయిగా తగిలే గాలి. హర్డిల్స్‌లో తుపాకీ పేలిన క్షణం నుంచి 13 సెకన్లపాటు దాన్ని కొలుస్తారు. కోజికోడ్‌లోనూ గుజరాత్‌లోనూ జరిగింది ప్రకృతి వల్ల. ఎవరినీ అనడానికి లేదు.

మూడబిద్రి సంగతి వేరు. అక్కడ ఆ అమ్మాయి చేయాల్సినదంతా చేసింది. పది అడ్డంకులూ దాటింది. గడియారం 13.03 చూపించింది. తక్కువైనది ఆమె వైపు నుంచి కాదు, మన పెద్దవాళ్ల ఏర్పాట్ల వైపు నుంచి. మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. ఎంత మంచి పని చేసినా కొలతల పుస్తకంలోకి ఎక్కకపోతే బిల్లు రాదు. పని చేయడం కూలీ బాధ్యత, రాయడం ఇంజనీరు బాధ్యత. మేము రాయకపోతే కూలీ కష్టం నేలలో కలిసిపోతుంది.

ఆ తర్వాతి కథ మీలో చాలామందికి తెలుసు. 2023 జులై 13న బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం, ఈ పోటీలో మన దేశానికి అదే మొదటిది. ఆగస్టులో చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78తో కాంస్యం. అక్టోబరు 1న హాంగ్జౌ ఆసియా క్రీడల ఫైనల్లో పక్కన ఉన్న చైనా అమ్మాయి వు యన్ని తుపాకీ కంటే ముందే కదిలింది. అధికారులు మొదట జ్యోతినీ తప్పుపట్టారు. ఆమె అక్కడే నిలబడి, నా తప్పు లేదు, మళ్లీ చూడండి అని అడిగింది. ఇద్దర్నీ పరిగెత్తనిచ్చారు. జ్యోతి 12.91తో మూడో స్థానంలో వచ్చింది. తర్వాత వు యన్నిని అనర్హురాలిగా ప్రకటించడంతో జ్యోతికి రజతం దక్కింది. ఇక్కడున్న ఆడపిల్లలు ఆమె పతకం కంటే ఆ నిలబడడాన్ని గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. పరాయి దేశంలో, వేలమంది ముందు, పరుగుకు ముందు వణుకు పుట్టే ఆ నిమిషంలో, లెక్క సరిచూడమని అడగడం చిన్న విషయం కాదు.

పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత సాధించాలంటే 12.77 కావాలి. 2024 మేలో ఫిన్లాండ్‌లో ఆమె మళ్లీ 12.78 పరిగెత్తింది. సెకనులో నూరో వంతు తక్కువ. ఆమె సగటు వేగంతో లెక్కిస్తే అది దాదాపు 8 సెంటీమీటర్లు, నాలుగు వేళ్లు కలిపి పెట్టినంత దూరం. నా వయసువాళ్లకు 1984 లాస్ ఏంజెలెస్ గుర్తుండే ఉంటుంది. పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో 55.42తో నాలుగో స్థానంలో నిలిచింది. కాంస్యం గెలిచిన అమ్మాయిది 55.41. జ్యోతి మాత్రం ర్యాంకింగు ద్వారా పారిస్ వెళ్లింది. ఒలింపిక్స్‌లో ఈ పోటీలో దిగిన మొదటి భారతీయురాలు ఆమే. అక్కడ 13.16, 13.17 పరిగెత్తి ముందుకు వెళ్లలేకపోయింది. అయినా పరుగు ఆపలేదు. 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో 12.96తో ఆసియా స్వర్ణాన్ని నిలబెట్టుకుంది. ఆ ఏడాది ఆరంభంలోనే అర్జున పురస్కారం అందుకుంది.

ఇలాంటి మరో పేరు జీవంజి దీప్తి. వరంగల్ జిల్లా కల్లెడలో కూలి కుటుంబంలో పుట్టి, మేధోవైకల్యం ఉన్నవారి విభాగంలో 400 మీటర్లు పరిగెత్తి 2024లో కోబెలో ప్రపంచ రికార్డు, పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం సాధించింది. ఊళ్లో వెక్కిరించినవాళ్లున్నారు. ఆ బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడికి మాత్రం ఆమె పరుగు కనిపించింది. జ్యోతి విషయంలోనూ జరిగింది ఇదే. బడి, ఆటస్థలం, చూసే కన్ను ఉన్న ఒక మాస్టారు. స్టేడియాలు, విదేశీ కోచ్‌లు తర్వాత వచ్చారు.

ఇక మన బడి సంగతి. మా బ్యాచ్‌లో మగపిల్లల్ని దాటి పరిగెత్తే ఆడపిల్లలు ముగ్గురున్నారు. పేర్లు చెప్పను, వాళ్లలో ఇద్దరు ఈ సభలోనే ఉన్నారు. వాళ్లు ఎంత వేగంగా పరిగెత్తేవారో ఈ రోజు ఎవరూ చెప్పలేరు. ఎవరూ కొలవలేదు, ఎవరూ రాయలేదు. పదో తరగతి అయ్యాక ఆ పరుగు ఆగిపోయింది.

మన సంఘం ముందు ఇప్పుడొక ప్రతిపాదన ఉంది. ఆటస్థలంలో గేటు వైపు సగంలో ఫంక్షన్ హాలు కట్టి, అద్దె డబ్బుతో బడిని నడుపుకోవచ్చు అని. చెప్పినవాళ్ల ఉద్దేశం మంచిదే. బడికి ఆదాయం కావాలి, వాన పడితే సభ పెట్టుకునే చోటు లేదు. కానీ నిన్న సాయంత్రం నేను టేపు పట్టి కొలిచాను. ఉత్తరం గోడ నుంచి దక్షిణం గేటు దాకా 132 మీటర్లు ఉంది. నూరు మీటర్ల పరుగుకు మొదట 3 మీటర్లు, గీత దాటాక ఆగడానికి 17 మీటర్లు కావాలి, మొత్తం 120. మనకు సరిపోతుంది. హాలు కడితే మిగిలేది 70 మీటర్లే. నూరు మీటర్లు పరిగెత్తే చోటు ఈ బడిలో మళ్లీ రాదు. హాలు రెండో అంతస్తు మీద కూడా కట్టవచ్చు, పరుగు మాత్రం మేడ మీద పెట్టలేం. మేడ మీద హాలుకు డిజైను నేను ఉచితంగా చేసి ఇస్తాను.

నేను కోరేది నాలుగు పనులు. ఆ 120 మీటర్ల నిడివిని అలాగే వదిలేయాలి. మనది నల్లరేగడి, ఎండకు బీటలు, వానకు బురద. నాలుగు వరుసల వెడల్పున పైమట్టి తీసి, గ్రావెల్ పరిచి, రోలర్ తిప్పి, రెండు పక్కలా మురుగు కాలువ తీయాలి. ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి కట్టాలి. అవి లేక ఆట మానేసే పిల్లలే ఎక్కువ. నాలుగోది అన్నిటికంటే చవక. ఒక స్టాప్‌వాచ్, ఒక రిజిస్టరు. ఏటా జూన్‌లో, జనవరిలో ప్రతి పిల్లవాడి, ప్రతి పిల్ల పరుగు సమయం అందులో రాయాలి. రిజిస్టరు ప్రధానోపాధ్యాయుల బీరువాలో ఉండాలి, పీఈటీ మాస్టారు బదిలీ అయినా రాత ఆగకూడదు.

ఈ పిల్లల్లో ఇంకో జ్యోతి ఉందో లేదో నాకు తెలియదు. ఉండాల్సిన అవసరం కూడా లేదు. తాను ఎంత వేగంగా పరిగెత్తగలదో తెలిసిన ఆడపిల్ల, మిగతా విషయాల్లోనూ తన లెక్క తాను అడుగుతుంది. పరుగు వాళ్లు చూసుకుంటారు. నేలను కాపాడడం, కొలవడం, రాయడం మన పని. సాయంత్రం జరిగే సర్వసభ్య సమావేశంలో చేయి ఎత్తేముందు ఒక్కసారి ఆ స్థలంలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి రండని మనవి చేస్తున్నాను.