బ్రష్ గీయనంటే ఏం చేయాలి?

ఫొటోలు దిద్దుకోవడానికి గింప్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 1995లో అమెరికాలోని బర్క్‌లీలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు. ఇప్పటికీ పైసా అడగదు.

కొత్తవాళ్లకి తరచు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. బ్రష్‌తో ఎంత గీసినా రంగు పడదు. సాఫ్ట్‌వేర్ పాడైందనుకుని తీసేస్తారు, పాపం! చాలాసార్లు కారణం చిన్నదే. బొమ్మలో ఏదో మూల సెలెక్షన్, అంటే ముందెప్పుడో ఎంచుకున్న భాగం, మిగిలిపోయి ఉంటుంది. దాని బయట ఎంత గీసినా రంగు పడదు. సెలెక్ట్ మెనూలో ‘నన్’ నొక్కండి. పడుతుంది.

కావలసింది ఏ మెనూలో ఉందో తెలియట్లేదా? స్లాష్ మీట నొక్కి, ఆ పని పేరు ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. గింపే వెతికి పెడుతుంది.

అప్పటికీ తెగకపోతే తెలిసినవాళ్లని అడగండి. కిటుకంతా అడగడంలోనే ఉంది. ‘పనిచేయట్లేదండీ’ అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. మీది ఏ వెర్షన్? ఏ టూల్ వాడారు? ఏం జరగాలనుకున్నారు? ఏం జరిగింది? ఇవి చెప్పండి. స్క్రీన్‌షాట్ పంపండి. అందులో లేయర్ల (బొమ్మలోని పొరల) జాబితా కనిపించాలి సుమా!

అన్నట్టు, పని మధ్యలో ఆపితే ఫైలుని గింప్ సొంత ఫార్మాట్ ఎక్స్‌సీఎఫ్‌లోనే సేవ్ చేయండి. జేపీజీలో లేయర్లు మిగలవు.