సిపాయి చేతిల కాగితం

(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కొత్త దేశానికి మొదటి అధ్యక్షుడైనోడు ఎదుర్కొన్న సవాళ్ల మీద మాట్లాడమన్నరు. ఉద్యమంల తిరిగినోళ్లం మనం. ధర్నా ఎట్ల చేయాల్నో, సమ్మె ఎట్ల నిలబెట్టాల్నో మనకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. గెలిచిన తెల్లారి ఏమైతదన్నది మాత్రం మనం తక్కువ చదువుకున్నం. అందుకే అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ముచ్చట తెచ్చిన. మనం బడిల విన్న చెర్రీ చెట్టు కథ కాదు. అది ఆయన చనిపోయినంక పుస్తకాలు అమ్ముకునేటాయన అల్లిన కథ. నేను చెప్పేది అప్పుల కథ.

1789 ఏప్రిల్ 30న న్యూయార్క్ నగరంల వాషింగ్టన్ ప్రమాణం చేసిండు. 69 మంది ఎలక్టర్లుంటే 69 మందీ ఆయనకే ఓటేసిండ్రు. కానీ ఆ ప్రమాణానికి పోయేముందు ఆయన 600 పౌండ్లు అప్పు చేసిండు. వేల ఎకరాల ఆసామి, చేతిల నగదు లేదు. ఆయన నెత్తిన పడ్డ దేశం కూడా అచ్చం అట్లనే ఉన్నది. భూమి కొండంత, ఖజానా ఖాళీ. అంతకుముందున్న కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారమే లేకుండె. రాష్ట్రాలను బతిమాలుకోవాలె, అవి ఇస్తే ఇచ్చినట్టు. 13 రాష్ట్రాలల్ల రెండు, నార్త్ కరోలినా, రోడ్ ఐలండ్, ఆ రోజుకు కొత్త రాజ్యాంగాన్ని ఒప్పుకోనేలేదు.

ఇంత కష్టకాలంల సెనేట్ ఏం చర్చ పెట్టిందనుకున్నరు? అధ్యక్షున్ని ఏమని పిలవాలె అని! హైనెస్ అనాలన్నరు, స్వేచ్ఛల రక్షకుడు అని తోక తగిలించాలన్నరు. ప్రతినిధుల సభ అడ్డం తిరిగింది కాబట్టి వట్టి మిస్టర్ ప్రెసిడెంట్ మిగిలింది. రాజును ఎల్లగొట్టినోళ్లకు కూడా రాజు మీద మోజు అంత తొందరగ పోదు.

అసలు సంగతికొస్త. యుద్ధం చేసిన సిపాయిలకు జీతాలిచ్చే దిక్కు లేక ప్రభుత్వం కాగితాలు ఇచ్చింది. నీకు ఇంత బాకీ ఉన్నం, తర్వాత ఇస్తం అని. 1783ల ఫిలడెల్ఫియాల సిపాయిలు జీతాల కోసం ప్రభుత్వ భవనాన్ని చుట్టుముడితే కాంగ్రెస్సే ఊరు విడిచి ప్రిన్స్‌టన్‌కు పోయింది. ఇండ్లకు పోయిన సిపాయికి పొలం మీద పన్ను, షావుకారు బాకీ ఎదురొచ్చినయి. కాగితం పెట్టుకుని ఏం తింటడు? రూపాయి విలువ కాగితాన్ని అణాలకు అమ్ముకున్నడు. 1786ల మసాచుసెట్స్ పడమటి ఊర్లల్ల జప్తులకు తట్టుకోలేక రైతులు కోర్టులను మూయించిండ్రు. వాళ్లకు ముందున్న డేనియల్ షేస్ స్వాతంత్ర్య యుద్ధంల కెప్టెన్‌గ చేసినోడే.

1790 జనవరిల ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ ఒక నివేదిక ఇచ్చిండు. దేశం అప్పు సుమారు 5 కోట్ల 40 లక్షల డాలర్లు. రాష్ట్రాల అప్పు ఇంకో 2 కోట్ల 50 లక్షలని అంచనా. అంతా మేమే తీరుస్తం, పూర్తి విలువకు తీరుస్తం అన్నడు. మంచిదే గదా? కానీ ఎవరికి? ఇయ్యాల ఆ కాగితం ఎవరి చేతిల ఉంటే వాళ్లకు.

నివేదిక సంగతి బయటపడంగనే నగరాల వ్యాపారులు ఇంకా ముచ్చట తెలియని మారుమూల ప్రాంతాలకు మనుషులను తోలిండ్రు, మిగిలిన కాగితాలు చౌకగ కొనుక్కురావడానికి. ఆ పనికే న్యూయార్క్ నుంచి ఓడలు పోయినయని జార్జియా సభ్యుడు జేమ్స్ జాక్సన్ సభలనే మండిపడ్డడు. ఆర్థిక శాఖల హామిల్టన్ కింద పనిచేసిన విలియం డ్యూయర్ ఈ జూదంల మునిగి చివరికి 1792ల అప్పుల జైలుకు పోయిండు. జేమ్స్ మాడిసన్ లేచి, కొన్నోనికి బజారు ధర ఇద్దాం, మిగిలింది మొదట సంపాదించుకున్న సిపాయికి ఇద్దాం అన్నడు. ఓటింగ్ పెడితే 13 మంది ఔనన్నరు, 36 మంది కాదన్నరు.

హామిల్టన్ వాదనల బలం లేదని నేను అనను. అమ్మినంక కూడా పాత ఓనర్‌కు హక్కుంటదంటే రేపు సర్కారు కాగితాన్ని ఎవరు ముట్టుకుంటరు? ఆ పద్ధతి వల్లనే అమెరికాకు అప్పు పుట్టింది, పరపతి నిలబడ్డది. నిజమే. కానీ ఆ పరపతికి పునాదిల పడ్డది ఎవరి జీతమో చెప్పకుండ ఆ గొప్ప చెప్పొద్దంటున్న.

రాష్ట్రాల అప్పును నెత్తిన పెట్టుకునే బిల్లు మాత్రం ఆగింది. అప్పులు తీర్చుకున్న వర్జీనియా అసొంటి రాష్ట్రాలు ఒప్పుకోలే. అప్పుడు జెఫర్సన్ ఇంట్ల భోజనం దగ్గర బేరం తెగింది. అప్పు బిల్లుకు దక్షిణాదోళ్లు కొందరు ఓటేస్తరు, రాజధాని దక్షిణాన పోటోమాక్ నది ఒడ్డుకు పోతది. రాజధాని లొల్లి గురించి తెలుగోళ్లకు నేను చెప్పాల్నా!

అప్పు తీర్చాలంటే పైసలు కావాలె. 1791ల విస్కీ మీద పన్ను వేసిండ్రు. కొండలవతల పశ్చిమ పెన్సిల్వేనియా రైతు గింజలను గుర్రాల మీద మోసుకుపోతే కిరాయి కూడ రాదు. అందుకని సారా కాసి పంపుతడు. కూలికి, సామానుకు ఆ సారాయే నగదు. పెద్ద బట్టీలోనికి గ్యాలన్‌కు పన్ను తక్కువ పడ్డది, చిన్నోనికి ఎక్కువ పడ్డది. ఇక్కడ లెక్క జూడున్రి. కాగితం అమ్ముకున్న సిపాయే ఆ కాగితం కొన్నోనికి వడ్డీ కట్టాలె, తన సారా మీద పన్ను రూపంల.

1794ల తిరగబడ్డరు. పన్ను అధికారి జాన్ నెవిల్ ఇల్లు కాలబెట్టిండ్రు. వాషింగ్టన్ దాదాపు 13,000 మంది సైన్యాన్ని పోగుజేసి కొంత దూరం తానే ముందు నడిచిండు. సైన్యం పోయేసరికి తిరుగుబాటు చెదిరింది. ఇద్దరికి ఉరిశిక్ష పడితే ఆయనే క్షమించిండు. అందుకు ఆయనకు దండం. మూడోసారి కుర్చీ వద్దని 1797ల ఇంటికి పోయిండు, అందుకు కూడ. ఇదే మనిషి, ఆర్నెల్లు దాటితే బానిసలు విడుదల కోరవచ్చన్న పెన్సిల్వేనియా చట్టాన్ని తప్పించుకోవడానికి తన ఇంట్ల బానిసలను గడువుకు ముందే రాష్ట్రం దాటించి తెచ్చేటోడు. 1796ల ఓనా జడ్జ్ అనే యువతి ఆ అధ్యక్ష భవనం నుంచే తప్పించుకుపోయింది. మనుషులను తోలి వెనక్కి తెప్పించాలని చూసిండు. ఆమె దొరకలే.

ఆ విస్కీ పన్నును 1802ల జెఫర్సన్ రద్దు చేసిండు. సిపాయి కాగితం మాత్రం తిరిగి రాలే. యుద్ధం ముగిసిన 35 ఏండ్లకు, 1818ల, పేద సిపాయిలకు నెలకు 8 డాలర్ల పింఛన్ చట్టం వచ్చింది. దరఖాస్తులు ఎక్కువైనయని 1820ల ఇంకో షరతు పెట్టిండ్రు. నేను పేదోన్నని కోర్టుల రుజువు చేసుకోవాలె. అరవై, డెబ్బై ఏండ్ల ముసలోళ్లు, దేశాన్ని తెచ్చినోళ్లు, కోర్టు మెట్లెక్కి తమకున్న ఆవు, గిన్నెలు, విరిగిన కుర్చీ అన్నీ ఒక్కొక్కటి రాయించిండ్రు.