గుంటూరు అమ్మాయి, జాంజ్‌గీర్ టీచరమ్మ

టైటానిక్ గురించి మూడు విషయాలు మాట్లాడతానని ఆహ్వానపత్రికలో వేశారు: ఓడ ఉక్కు, ఓడలోని మనుషులు, సముద్రం అడుగు నుంచి తీసిన వస్తువులు. ఆ వరసలోనే మొదలుపెడతాను.

ఉక్కు గురించి ఈ ఉక్కు ఊళ్లో, మన భిలాయిలో, ఎక్కువ చెప్పక్కర్లేదు. 1912 ఏప్రిల్ 14 రాత్రి ఓడకు మంచుకొండ తగిలింది, తెల్లవారకముందే మునిగింది, సుమారు 1,500 మంది పోయారు. 1990లలో ఆ ఓడ రేకు ముక్కలకు, దెబ్బను ఎంత తట్టుకుంటాయో చూసే చార్పీ పరీక్ష చేశారు. గంధకం, భాస్వరం ఎక్కువ, మాంగనీసు తక్కువ. రోలింగ్ దిశలో 32 డిగ్రీలకే పెళుసెక్కే ఉక్కు అది, అడ్డంగా అయితే 56 డిగ్రీలకే. ఆ రాత్రి సముద్రపు నీళ్లు సున్నాకు కింద ఉన్నాయి. ముందుభాగంలో కొట్టిన ఇనుప రివెట్లలో స్లాగ్ ఎక్కువ. అయినా కట్టినవాళ్లను తప్పుపట్టను, ఆ కాలానికి దొరికే మంచి ఉక్కు అదే. 2022లో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్‌కు సెయిల్ ఇచ్చిన ఉక్కులో మన ప్లేట్ మిల్లు ప్లేట్లు కూడా ఉన్నాయి. ఆ మాట ఈ హాల్లో గర్వంగా చెప్పుకోవచ్చు.

ఇక మనుషులు. టైటానిక్ అనగానే మన పిల్లలకు సినిమా జంట గుర్తొస్తుంది. ఆ ఓడలో మన ఛత్తీస్‌గఢ్ నుంచి వెళ్లిన మనిషి ఉందని మాత్రం ఏ బడిలోనూ చెప్పరు. బిలాస్‌పూర్ దాటాక జాంజ్‌గీర్-నైలా స్టేషన్ వస్తుంది కదా, ఆ జాంజ్‌గీర్‌లో ఆడపిల్లలకు బడి పెట్టిన అమెరికన్ మిషనరీ ఆనీ ఫంక్. 1906లో ఈ దేశానికి వచ్చింది. తల్లికి జబ్బుగా ఉందని కబురు రాగానే బయలుదేరింది. బొంబాయికి రైలు దారి మన దుర్గ్ మీదుగానే. ఇంగ్లండులో ఆమె ఎక్కాల్సింది వేరే ఓడ. బొగ్గు గనుల సమ్మెతో అది ఆగిపోయి, టైటానిక్‌లో రెండో తరగతి టిక్కెట్టు తీసుకుంది. ఏప్రిల్ 12న ఓడలోనే ఆమెకు 38 ఏళ్లు నిండాయి. పడవలో తనకు దొరికిన చోటు ఇంకో తల్లికి ఇచ్చేసిందని ఆమె సంఘంవాళ్లు చెప్పుకుంటారు. ఆమె దేహం దొరకలేదు. ఆ బడికి తర్వాత ఆమె పేరే పెట్టారు.

అదే రెండో తరగతిలో మన గుంటూరు అమ్మాయి ఉంది. నన్ను ఎన్నో ఏళ్లుగా వదలని కథ ఇది, కాస్త తీరిగ్గా చెప్పనివ్వండి. రూత్ బెకర్ 1899 అక్టోబరు 28న గుంటూరులో పుట్టింది. తండ్రి అలెన్ బెకర్ లూథరన్ మిషనరీ. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరులో మొదలుపెట్టిన మిషన్ అది. తమ్ముడు రిచర్డుకు జబ్బు చేసింది, ఈ దేశంలో ఉంటే బతకడన్నారు. తండ్రి గుంటూరులో ఉండిపోయాడు. తల్లి నెల్లీ ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని బయలుదేరింది. రూత్‌కు పన్నెండేళ్లు, చెల్లెలు మారియన్‌కు నాలుగు, రిచర్డుకు రెండు కూడా నిండలేదు.

మంచుకొండ తగిలిన ఆ రాత్రి డెక్ మీద చలి. కిందికెళ్లి దుప్పట్లు తెమ్మంది తల్లి. మునుగుతున్న ఓడలో మళ్లీ మెట్లు దిగి గదికి వెళ్లి, దుప్పట్లు తెచ్చింది ఆ పిల్ల. 11వ నంబరు పడవలో చిన్నవాళ్లిద్దర్నీ ఎక్కించి, ఇక చోటు లేదన్నారు. తల్లి బతిమాలి ఎక్కింది. రూత్ డెక్ మీదే మిగిలిపోయింది. “ఇంకో పడవ ఎక్కు తల్లీ” అన్న కేక ఒక్కటే ఆమెకు తోడు. 13వ నంబరు పడవ దగ్గరకు వెళ్లి, ఎక్కవచ్చా అని తానే అడిగింది. ఆ పడవ నీళ్లలోకి దిగీ దిగకముందే పైనుంచి 15వ నంబరు పడవ నెత్తిమీదికి వచ్చేసింది. తాళ్లు కోసి పక్కకు జరగబట్టి బతికారు.

ఆ పడవలో బాయిలర్లకు బొగ్గు వేసే స్టోకర్లున్నారు. మంటల ముందు నుంచి పలచటి చొక్కాలతో వచ్చేసినవాళ్లు. ముందు వరసలో కోక్ ఓవెన్లలో చేసి రిటైరైన అన్నగారు కూర్చున్నారు. జనవరిలో రాత్రి షిఫ్టు అయ్యాక ఆ వేడిలోంచి బయటికొస్తే ఒళ్లు ఎలా వణుకుతుందో ఆయనకు తెలుసు. రూత్ తన చేతిలోని దుప్పట్లు వాళ్లకు ఇచ్చేసింది. తల్లి బతికుందో లేదో తెలియకుండానే ఇచ్చింది. తెల్లవారాక, బతికినవాళ్లను ఎక్కించుకున్న కార్పాతియా ఓడ మీద తల్లీపిల్లలు కలిశారు.

ఆ అమ్మాయి తర్వాత టీచరయింది, పెళ్లి చేసుకుంది. చాలా ఏళ్లపాటు సొంత పిల్లలకు కూడా ఆ రాత్రి సంగతి చెప్పలేదు. రిటైరయ్యాకే నోరు విప్పింది. 1990లో పోయింది. 1994లో ఆమె చితాభస్మాన్ని ఆ ఓడ మునిగినచోటే కలిపారు. ముసలితనంలో ఆమెను ఎవరో కూర్చోబెట్టి అడగబట్టి ఆ దుప్పట్ల సంగతి మనకు తెలిసింది.

మూడో విషయానికి వ్యవధి లేదని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. 1985లో బాలార్డ్, జాన్ లూయీ మిషెల్ బృందం ఓడను కనిపెట్టింది, సుమారు 3,800 మీటర్ల లోతున. 1987 నుంచి కొన్ని వేల వస్తువులు పైకి తెచ్చారు. 1998లో 15 టన్నుల ఓడ పక్కరేకు ముక్కను కూడా లేపారు. ఇలా వస్తువులు పైకి తీయడం సమాధిని తవ్వడమేనని, తండ్రిని ఆ రాత్రే పోగొట్టుకున్న ఇవా హార్ట్ చివరిదాకా అన్నది. నేను ఆవిడ పక్షమే. ఆ డబ్బూ శ్రమా బతికున్నవాళ్ల మాటలు రాసిపెట్టడానికి ఇంకో ముప్ఫై ఏళ్లు ముందే పెట్టి ఉండాల్సింది.

మన సంగతీ అంతే. 1959 ఫిబ్రవరి 4న భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి తట్టాబుట్టా సర్దుకుని ఆ రోజుల్లో వచ్చినవాళ్లు ఈ సెక్టార్లలో కొద్దిమందే మిగిలారు. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవరు, తాతల ఊరు అడిగితే జిల్లా పేరు చెప్పి ఊరుకుంటారు. ప్రతి ఏడాదీ వేడుకలకు లైట్లూ సౌండూ పెడుతున్నాం. వాటిలో కొంత తగ్గించి, మన పెద్దల మాటలు రికార్డు చేసే పనికి పెట్టండని సంఘం కార్యవర్గాన్ని అడుగుతున్నాను. మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దలుంటే, ఈరోజు వెళ్లేముందు వాళ్ల పేరు, సెక్టారు, క్వార్టరు నంబరు గుమ్మం దగ్గర పెట్టిన పుస్తకంలో రాయండి. ఈ ఆదివారం నుంచే నేను వచ్చి కూర్చుంటాను.