కంటిపాప ఎందుకు తెల్లబడుతుంది?



"నాన్నగారి కంట్లో తెల్లపొర వచ్చిందండీ, చుక్కల మందుతో కరగదా?" అని చాలామంది అడుగుతుంటారు. శుక్లం అంటే కంటిపైన పెరిగిన పొర కాదు. కంటిపాప వెనుక ఉండే కటకమే మసకబారడం.

కోడిగుడ్డు పగలగొడితే తెల్లసొన నీళ్లలా ఉంటుంది. ఉడికిస్తే తెల్లబడుతుంది. అందులో మనం ఏ రంగూ కలపలేదు. వేడికి ప్రొటీన్లు విడివడి, ఒకదానికొకటి అంటుకుని ముద్దకడతాయి. ఆ ముద్దలు వెలుతురును నేరుగా పోనివ్వక చెదరగొడతాయి. అదే మనకు తెలుపుగా కనిపిస్తుంది.

మన కటకంలో సుమారు మూడోవంతు క్రిస్టలిన్లనే ప్రొటీన్లే. కటకం నడిభాగంలో ఉన్నవి పుట్టుకకు ముందే తయారై జీవితాంతం ఉంటాయి. వాటి స్థానంలో కొత్తవి రావు. ఆల్ఫా క్రిస్టలిన్ మిగతావాటిని ముద్దకట్టకుండా కాపాడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ కాపలా సన్నగిల్లుతుంది. ముద్దకట్టినచోట కటకం తెల్లబడుతుంది. కొందరిలో ప్రొటీన్లు రసాయనికంగా మారి పసుపు, గోధుమ రంగు తేలుతాయి. అలాంటివారికి నీలం చీరకూ నల్లచీరకూ తేడా తెలియదు.

మన తార్నాక దగ్గరి సీసీఎంబీకి 1993 నుండి 1998 వరకు డైరెక్టరుగా ఉన్న డాక్టర్ డి. బాలసుబ్రమణియన్ ఈ ప్రొటీన్లపై ఎంతో పరిశోధించారు. సిగరెట్టు పొగ, వంటచెరకు పొగ కటకాన్ని దెబ్బతీస్తాయని ఆయన బృందం 1994లో తెలిపింది. తీవ్రమైన ఎండ, అదుపులో లేని షుగరు, ఎక్కువకాలం వాడే స్టెరాయిడ్లు కూడా కారణాలే.

ఉడికిన గుడ్డు తిరిగి పచ్చిది కాదు. అలాగే శుక్లాన్ని కరిగించే చుక్కల మందు నేటికీ లేదు. ఆపరేషన్ చేసి కృత్రిమ కటకం అమర్చడమే మార్గం. "బాగా ముదరనివ్వండి" అన్న పాతమాట వినకండి. మరీ ముదిరితే ప్రొటీన్లు బయటికి కారి, కంట్లో ఒత్తిడి పెరిగి చూపు శాశ్వతంగా పోవచ్చు. పనులకు ఇబ్బంది కలిగినప్పుడే చూపించండి.

ఆపరేషన్ తరువాత కొన్నాళ్లు అన్నీ కాస్త నీలంగా కనిపిస్తే కంగారుపడకండి. ఇన్నాళ్లూ అడ్డున్న పసుపురంగు తొలగిందని అర్థం.

చివరగా ఒక్కమాట. పసిబిడ్డ కంటిపాప తెల్లగా మెరిస్తే అది శుక్లం కావచ్చు, కంటి క్యాన్సరూ కావచ్చు. ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి.