డిశ్చార్జి కాగితం ఇచ్చాక



కేన్సర్ వచ్చిన పిల్లల ఇళ్లకు వెళ్లి వచ్చే పని చేస్తున్నాను కనుక ఆ ఇళ్ల సంగతే మాట్లాడతాను. మందుల గురించి డాక్టర్లు చెబుతారు. ఆ మందులు వేసే మనిషి గురించి చెప్పేవాళ్లు తక్కువ.

పిల్లల్లో ఎక్కువగా కనిపించేది లుకేమియా, అంటే రక్త కేన్సర్. అందులో ఎక్కువమందికి వచ్చే రకానికి చికిత్స రెండు, మూడేళ్లు సాగుతుంది. మొదటి నెలలు ఆసుపత్రిలోనూ దాని చుట్టూనూ గడుస్తాయి. మిగతా కాలమంతా ఇంట్లోనే. ఆ ఇంట్లో నర్సు ఎవరు? తల్లి. జీతం లేదు, శిక్షణ లేదు, సెలవు లేదు. ఇంటి చాకిరి ఎలాగూ తప్పదు.

మెర్కాప్టోప్యూరిన్ మాత్ర రోజూ వెయ్యాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. దాన్ని పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. రక్త పరీక్షను బట్టి మోతాదు మారుతుంది. ఇదంతా కాగితం మీద ఇంగ్లీషులో ఉంటుంది. నాకు తెలిసిన ఒక తల్లి కూలి పనికి పోతుంది, చదువు రాదు. గోడ మీది క్యాలెండరులో ప్రతి శుక్రవారానికీ పసుపు బొట్టు పెట్టుకుంది. బొట్టున్న రోజే ఆ మాత్ర. ఆమె తెలివిని మెచ్చుకుని ఊరుకోవడం నాకిష్టం లేదు. తెలుగులో రాసి, చదివి వినిపించి పంపాల్సిన బాధ్యత ఆసుపత్రిది కాదా?

ఇక జ్వరం. తెల్లకణాలు తగ్గిన పిల్లకు 100.4 డిగ్రీలు వచ్చిందంటే అది మామూలు జ్వరం కాదు. ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడాలి. చాలా ఇళ్లలో థర్మామీటరే లేదు. ఊళ్లో డాక్టరు జ్వరం బిళ్ల ఇచ్చి తెల్లారి చూద్దామంటాడు. అర్ధరాత్రి బయల్దేరాలంటే భర్తను అడగాలి, అత్తను అడగాలి, ఆటోకు డబ్బు అడగాలి. ఆ అడగడంలో పోయిన సమయం ఏ కేసు షీటులోకీ ఎక్కదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల చికిత్స ఖర్చు భారం చాలామందికి తగ్గింది, నిజమే. పోయిన కూలికి మాత్రం లెక్క లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినికి పిల్లల సంరక్షణ సెలవు 730 రోజులుంది. పత్తి ఏరే ఆమెకు ఒక్క రోజూ లేదు. చికిత్సకు వెళ్లే కేన్సర్ రోగికి రైలు స్లీపరులో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ. ఈ సంగతి నేను కలిసిన తల్లుల్లో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

సంపన్న దేశాల్లో కేన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతుకుతున్నారు. చాలా పేద దేశాల్లో 30 శాతం కూడా బతకడం లేదు. మధ్యలో చికిత్స ఆగిపోవడం దీనికొక కారణం. రికార్డులో దాన్ని "మానేశారు" అని రాస్తారు, ఊళ్లో తల్లి మానేసిందంటారు. ఇంకో మాట. మన దేశంలో కేన్సర్ ఆసుపత్రులకు మగపిల్లలు వచ్చినంతమంది ఆడపిల్లలు రావడం లేదు. రోగ లక్షణాల్లోని తేడా ఒక్కటే దీనికి కారణమంటే నేను నమ్మను.

ఇరుగుపొరుగుకూ చెప్పాలి. ఇది అంటుకునే జబ్బు కాదు. కానీ మీ ఇంట్లో ఆటలమ్మో తట్టో పోస్తే ఆ తల్లికి వెంటనే కబురు చెయ్యండి. ఈ పిల్లలకు అవి ప్రమాదం.

తెలుగు కాగితం కోసం ఆసుపత్రి సూపరింటెండెంటుకు ఇవ్వాల్సిన అర్జీ ఈ బల్ల మీద ఉంది. సంతకం రానివాళ్లు వేలిముద్ర వెయ్యండి. రాత్రిపూట ఫోను చేస్తే తోడు వెళ్లగలిగినవాళ్లు పక్కనున్న పుస్తకంలో పేరూ, ఊరూ రాయండి.