గృహరక్షయు, వఱద బీమాయు
(చుండూరునందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



విద్యార్థి వేతనములు, వసతిగృహము, వివాహవ్యయములు మున్నగు విషయములను గూర్చి యీ వేదికపై పెద్దలు పలుమాఱు లుపన్యసించియున్నారు. సామాన్యముగ నెవ్వరును ప్రస్తావింపని యొక విషయమును మేము నేడు మనవి చేయదలచితిమి. వఱదవలన మన యిండ్లకు గలుగు నష్టమునకు ముందుగనే బీమా చేసికొనుటయే యా విషయము.

యోగక్షేమములను మాటను మనము జాబులలో తఱచుగ వ్రాయుచుందుము. లేనిదానిని సంపాదించుట యోగము. ఉన్నదానిని కాపాడుకొనుట క్షేమము. మనవారు యోగమునందు సమర్థులు. కౌలుసొమ్మును, జీతమును, కొడుకు పంపిన రొక్కమును కూర్చి యిరువది యేండ్లు శ్రమించి యొక మేడ కట్టుదురు. క్షేమమునకు మాత్రము తాళముచెవి చాలునని తలంతురు. నీటికి తాళ మడ్డము గాదు.

మనది కృష్ణా పశ్చిమడెల్టా. 1855లో బెజవాడ యానకట్ట పూర్తియైననాటినుండి కాలువనీరే మన కన్నము. అన్నము పెట్టు నీరే యొక్కొకప్పుడు కొంపలు ముంచును. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమలో ఉప్పెన వేలకొలది ప్రాణములను గొనిపోయెను. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజికి పదునొకండు లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము రాగా, ఓలేరువద్ద కరకట్టకు గండిపడి రేపల్లె ప్రాంతపు గ్రామములు మునిగెను. 2024 సెప్టెంబరు మొదట నా ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులకు చేరెను. అయినను ఆ దినములలో విజయవాడ సింగునగరును ముంచినది కృష్ణ కాదు, బుడమేరను వాగు. దాని గట్లకు గండ్లు పడగా, ఏటియొడ్డున లేనివారి యిండ్లలో నీరు దినములతరబడి నిలిచెను. "మా యిల్లు ఏటికి దూర"మనువారు దీనిని గమనింపవలయును.

"ప్రభుత్వము సహాయము చేయదా?" యని కొందఱందురు. చేసినది. ఆ వఱదలో నేల యంతస్తు మునిగిన కుటుంబమునకు 25,000 రూపాయలును, పై యంతస్తులవారికి 10,000 రూపాయలును ప్రకటించిరి. ఆపదలో నది గొప్ప యాదరణయే. కాని నానిన గోడలు, ఉబ్బిన తలుపులు, చెడిన విద్యుత్తీగలు, బీరువాలు, ఫ్రిజ్జులు ఆ సొమ్ముతో కుదుటబడవు. సహాయము దయ, బీమాసొమ్ము హక్కు. ఇల్లు మునిగినవాడు అప్పుచేయును. అప్పు తీర్చుటకు పొలమమ్మును. పిదప పిల్లల చదువు మాన్పించును. నష్ట మొక్కదినముది, దాని ఫలము రెండుతరములది.

ఇది పరదేశపు పద్ధతి యని శంకింప బనిలేదు. అడవిత్రోవల బోవు ఋణగ్రస్తులు నూటికి పదియు, సముద్రముమీద బోవువారు నూటికి ఇరువదియు వడ్డి యీయవలయునని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. అపాయమును లెక్కగట్టి దానికి వెల నిర్ణయించు నేర్పు మన పెద్దలకు గలదు. పదిమంది యేటేట కొంచెము చెల్లించి, మునిగిన యొక్కని నిలువబెట్టుటయే బీమా. మన సంఘము పుట్టినదియు నట్టి భావముతోనే కదా!

2021 ఏప్రిల్ 1వ తేదీనుండి నియంత్రణసంస్థ యాదేశముచే "భారత్ గృహరక్ష" యను పాలసీని సాధారణ బీమా కంపెనీలు అమ్ముచున్నవి. ఇందు అగ్నియు, వఱదయు, తుపానును, భూకంపమును చేరియున్నవి. బీమా చేయవలసినది కట్టుబడి వ్యయమునకేగాని స్థలము వెలకు గాదు. నేల వఱదలో పోదు గదా. కట్టుబడి విలువలో నూటికి ఇరువదివంతు, పదిలక్షలకు మించకుండ, సామానునకు జాబితా లేకయే రక్షణ లభించును. ఇరువదిలక్షల యింటికి నాలుగులక్షల సామాను రక్షణయన్నమాట. నగలకు వేఱుగ చేసికొనవలయును. అద్దెయింటివారు సామానునకు మాత్రమే చేసికొనవచ్చును.

కొన్ని జాగ్రత్తలు చెప్పెదము. బ్యాంకు ఋణముతో ఇల్లు కట్టినవారు, బీమా యున్నదని యూరకుండక, పత్రము తెప్పించి యది యింటి విలువ కంతటికిని ఉన్నదో, ఋణమునకు మాత్రమే యున్నదో చూడవలయును. పెంకుటిల్లు, గుడిసె గలవారు తమ యింటికి వర్తించునో లేదో సొమ్ము చెల్లింపకమున్నే అడిగి తెలిసికొనవలయును. ఇంటికిని సామానునకును ఫొటోలు తీసి వేఱొకయూరి బంధువులకడ నుంచవలయును. నష్టము కలిగిన వెంటనే కంపెనీకి తెలుపవలయును. సర్వేయరు వచ్చి చూచువఱకు తడిసిన సామాను పాఱవేయరాదు. గడువు దాటకుండ నేటేట పునరుద్ధరించుకొనవలయును. వాన పట్టిన పిదప గొడుగు కొన బోవుట తెలివి గాదు.

కార్యవర్గమువారికి మా విన్నప మొక్కటి. ప్రతి శాఖయందును చదువుకొన్న యిద్దఱు యువకులు వానకాలమునకు ముందు, ఒంటరిగ నున్న వృద్ధుల యిండ్లకును, వితంతువుల యిండ్లకును పోయి, పత్రములు చదివి యర్థము చెప్పి, గడువు తేదీలు వ్రాసిపెట్టవలయును. దీనికి చందాలతో పనిలేదు. రెండు సాయంకాలములు చాలును. ఈ తీర్మానమును సభవా రామోదింతురుగాక యని కోరుచు విరమించుచున్నాము.