దోషికి దండన, బిడ్డలకు గతి


ప్రభుత్వధనమును కాజేసినవారియెడ జాలి తగునా యన్నచో, తగదనియే మా మొదటి మాట. అది పన్నుకట్టిన బీదలందరి సొమ్ము. అయినను 1992లో అమెరికాయందు వెలువడిన యొక తీర్పు మమ్ము ఆలోచింపజేయుచున్నది.

న్యూయార్కు నగరమున, బ్రాంక్సులోని మాజీ సైనికుల ప్రభుత్వాసుపత్రిలో జీతముల లెక్కలు వ్రాయు గుమాస్తా యొకామె తోటి యుద్యోగుల జీతములను హెచ్చించి వ్రాసి, ఆ హెచ్చులో వాటా పుచ్చుకొనెను. నేరము రుజువయ్యెను. ఆమె యింట ముగ్గురు బిడ్డలు, వారిలో నొకరు చంటిబిడ్డ; పైగా కుమార్తె బిడ్డ యొకరు. అందరికిని ఆమెయే దిక్కు. న్యాయాధిపతి చెరసాలకు మారుగా ఆరునెలల గృహనిర్బంధము విధించెను. ప్రభుత్వము అప్పీలు చేయగా పైకోర్టు దానినే స్థిరపరచెను. ఆమె దోషము తక్కువయని కాదు. ఆమె చెరకేగినచో నాశమగువారు ఆ పసివాండ్రని.

మన దేశమందును అవినీతి నిరోధమునకై చేసిన 1947 నాటి చట్టమున, 1958 సవరణవలన, విశేషకారణములు వ్రాసి యేడాదికంటె తక్కువ శిక్ష విధించు వీలుండెడిది. 1988 నాటి చట్టము దానిని తొలగించెను. ఏడాదిగా నున్న కనిష్ఠశిక్ష 2014లో నాలుగేండ్లయ్యెను.

పిల్లలున్నారని చెప్పుకొనని ముద్దాయి యెవడు? కావున, సాకువారు మరెవ్వరును లేరని సాక్ష్యముతో తేలినగాని కనికరము కూడదు. తేలినప్పుడు మాత్రము, కారణములు వ్రాసి శిక్ష తగ్గించు అధికారమును న్యాయమూర్తులకు మరల నొసగవలెనని మా యభిప్రాయము. కాజేసిన సొమ్మును పైసాతోసహా వసూలు చేయవలసినదే.